తువ్వాల కింద

పత్తికొండ సంతలో మా నాయన దళారి.
హుసేనప్ప నోటితో ధర చెప్పగా విన్నోళ్లు లేరు.
ఎర్రగళ్ల తువ్వాల అడ్డం వేసి
దాని కింద కొనేవాడి చెయ్యి పట్టుకుంటాడు.
వేళ్లు మాట్లాడుకుంటాయి.
చుట్టూ నిలబడినవాళ్లకు
గుడ్డ కదలడం ఒక్కటే కనబడుతుంది.

నేను కర్నూలు పెద్దాసుపత్రి ల్యాబులో
గాజుపలకలకు రంగు పట్టిస్తాను.
ఆదివారం ఇంటికొస్తే
కోడెకు ఉలవలు నానేస్తా అడిగినాడు:
"దినమంతా ఆ గొట్టంలో ఏం చూస్తావు మ్మా?"

ఒంట్లో ప్రతి కణమూ, నాయనా,
లోపల ఉన్నదాంట్లోంచి ఒక తునక తీసి
దోసిట్లో పెట్టుకుని గడప బయట నిలబడుతుంది.
"ఆదోని యార్డులో బస్తాకు బొంగు గుచ్చి
గుప్పెడు కాయ బయటికి తీసినట్ల?"
అట్లనే.
ఆ కాయ చూసి పోయేదాని పేరు కిల్లర్ టీ సెల్.
"కిల్లరా" అని నవ్వినాడు,
"మన పక్క దానికేమి కరువు!"

దానికి పుట్టుకతో ఒక్క ఆకారమే తెలుసు.
ఆ ఒక్కటి దొరికేదాకా సంత సంతా తిరుగుతుంది.
గజ్జల్లో బిళ్ల కట్టింది అంటామే,
అదే సంత.
కొమ్మలు కొమ్మలుగా చేతులున్న కణం ఒకటి
ఊపిరితిత్తుల్నుంచి నడిచొచ్చి
దోసిలి చాపుతుంది: ఇదిగో, ఆడ దొరికింది.
తునక సరిగ్గా కుదురుతుంది.
అయినా ఇది కదలదు.

ఉలవల్లో నాయన చెయ్యి ఆగింది.
"ఎందుకు కదలదు?"

ఇంకో చోట కూడా తగలాల.
చూపించేదాని ఒంటిమీద బి-ఏడు,
చూసేదాని ఒంటిమీద సీడీ ఇరవయ్యెనిమిది.
"పేర్లా అవి, ఎద్దుల చెవులకు గుచ్చే నంబర్లా?"
తగిలిందా, ఒకటి వెయ్యవుతుంది.
ఇంక ఎవరినీ అడగదు.
ఏ గడపలో ఆ తునక కనబడితే
ఆ గోడకు బెజ్జాలు కొడుతుంది.
"తగలకపోతే?"
నిద్రపోతుంది.
మళ్లీ అదే తునక తెచ్చి చూపించినా లేవదు.

కాసేపు ఏమీ అనలేదు.
భుజం మీది తువ్వాల తీసినాడు.
"చెయ్యి ఇయ్యి."

మా అమ్మ ముప్ఫైయేళ్లు ఉతికిన గుడ్డ అది.
దాని కిందికి మా ఇంట్లో ఆడచెయ్యి పోవడం అదే మొదలు.

చీకటి. ఉలవ నీళ్ల తడి.
నా నాలుగు వేళ్లూ కలిపి పట్టినాడు.
"ఇది ధర. ఇంతవరకు ఎవడైనా పడతాడు,
పొద్దుపోక వచ్చినోడు కూడా."
అప్పుడు మణికట్టు లోపల, నరం మీద,
బొటనవేలితో చిన్న ఒత్తు.
"ఇది మాట.
ఇది పడందే నేను పలుపు విప్పను."

మరి వద్దనుకుంటే?
నా చిటికెన వేలు పట్టి మెల్లగా మడిచినాడు.
"పో, ఇక్కడేం లేదు అని.
దొంగ ఎద్దును తోలుకొచ్చినోడికీ ఈ వేలు తెలుసు.
గుర్తుపట్టినోడు నోరు తెరిచేలోపల
వాని చెయ్యి పట్టుకొని ముందు ఇదే మడుస్తాడు."
ఉలవలు మళ్లీ కలపడం మొదలుపెట్టినాడు.

సోమవారం
నందికొట్కూరు నుంచి వచ్చిన గడ్డ ముక్క.
రంగు పట్టించి గొట్టం కింద పెట్టినాను.
గడ్డ అంచున ఊదారంగు చుక్కలు, వందలు.
దగ్గరిదాకా వచ్చి
ఒక్కటీ చెయ్యెత్తకుండా నిలబడినాయి.
ఇట్లాంటివి ఎన్ని చూసినానో.
నిద్రపోయినాయిలే అనుకుని
పలక మార్చేదాన్ని.

ఈసారి మార్చలేదు.
గుడ్డ కదలడం కనబడింది.

రిపోర్టు రాసేది పెద్ద మేడమ్.
నేను పలక మీద నంబరు మాత్రం రాస్తాను.
రాసి,
ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని
చాయ్ చల్లారేదాకా కూర్చున్నాను.